జాబితాలో ఆరో పేరు

"గోరుచిక్కుడుకాయకు నార తియ్యకుండ తుంచితె అది కూరైతదా, ఎడ్ల మేతైతదా?" అంటూ జంగమ్మ చాటను కోడలి వైపు తోసింది.

"తీసిన అత్తమ్మా. లేత కాయకు నారేముంటది?"

"లేతదట! ఏది లేతదో ఏది ముదురుదో పండ్లు లేని నన్నడుగు. మొన్న తిన్న కాయ పోగు ఇగో, ఈ దవడ కాడ ఇంకా ఇరికే ఉన్నది."

"పండ్లే లేనప్పుడు ఏడ ఇరికిందో!"

అన్నాక సుభద్రమ్మ నాలుక కరుచుకుంది. మామూలు రోజైతే జంగమ్మ ఈ మాటకు బోసినోటితో నవ్వేసేది. ఆ నవ్వుతో తగువు తెగిపోయేది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్లలో వాళ్లిద్దరూ ఉప్పు మీద, పిడకల మీద, దూడను ఎవరు కట్టేశారన్న దాని మీద పోట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ ఇవాళ జంగమ్మ నవ్వలేదు. కోడలి మొహంలోకి చూసి, "మూడు దినాల సంది నీ చెయ్యొక తాన, మనసొక తాన ఉన్నది. ఏమైందే నీకు?" అంది.

"ఏం లేదు" అని సుభద్రమ్మ చాట ముందుకు లాక్కుని మళ్లీ మొదటి కాయ నుంచి నార తీయడం మొదలుపెట్టింది. నిజానికి ఆ కాయలకు ఆమె నార తీయలేదు. తీశాననే అనుకుంది.

మూడు రోజుల కిందట ఆమె కొడుకు కురుమూర్తి ఇటిక్యాల నుంచి తిరిగి వచ్చాడు. వచ్చి, దొడ్లో ఒంటరిగా ఉన్న తల్లికి మాత్రమే అక్కడ తెలిసిన సంగతి చెప్పాడు. పెత్తరమాస వెళ్లేదాకా నోరు విప్పనని ఆమె చేతిలో చెయ్యి వేశాడు.

కురుమూర్తి హైదరాబాదులో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. చరిత్ర అతని విషయం. ఖిల్లా ఘణపురం పక్కనున్న ఆ చిన్న ఊరి నుంచి అంత దూరం చదువుకు పోయినవాడు అతనొక్కడే. రంజాను సెలవులకు ముందు ప్రొఫెసరు తరగతిలో ప్రతివాడినీ సొంత ఊరి మీద ఒక వ్యాసం రాసుకుని రమ్మన్నాడు. రాజుల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, మీ ఊరి బావి ఎవరు తవ్వారో మీరు రాయకపోతే ఎవరూ రాయరు అన్నాడు. ఒక మనిషి నోటి మాటను సాక్ష్యం అనుకోవద్దని, రెండో సాక్ష్యం దొరికేదాకా దాన్ని మాటగానే ఉంచాలని కూడా చెప్పాడు.

కురుమూర్తి బలుసాకు కరువు మీద రాద్దామనుకున్నాడు. అతను పుట్టడానికి రెండేళ్ల ముందు, జనం అడవిలో బలుసాకు తిని బతికిన కరువు అది. దాని వెనకే గత్తర, కలరా జబ్బు, వచ్చింది. అతని కాలేజీ పుస్తకాల్లో హిజ్రీ సంవత్సరాలు, కచేరీ కాగితాల్లో ఫసలీ సంవత్సరాలు, ఇంగ్లీషు పుస్తకాల్లో క్రీస్తు సంవత్సరాలు. ఊళ్లోవాళ్లకు మాత్రం ఈ లెక్కలేవీ తెలియవు. బలుసాకు కరువుకు ముందు, బలుసాకు కరువు తర్వాత. అంతే. ముసలివాళ్లు చెప్పింది రాసుకున్నాక, రెండో సాక్ష్యం కోసం అతను కృష్ణ దాటి గద్వాల వైపు పోయాడు. ఆ కరువులో దొరికిన అనాథ పిల్లలను పెంచిన క్రైస్తవ మిషను ఇల్లు ఒకటి ఆ వైపు ఉందని విన్నాడు. అక్కడి పాత రిజిస్టరులో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఒక వరుస ఉంది.

"జములమ్మ. వయసు ఎనిమిది ఉండవచ్చు. ఘణపురం వైపు పిల్ల. తండ్రి పేరు కురుమయ్య అని చెప్పుచున్నది. బీచుపల్లి రేవున దొరికినది. ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ."

దాని కింద వేరే సిరాతో: "ఇటిక్యాల దేవదాసుతో వివాహమైనది."

కురుమయ్య అతని తాత. జములమ్మ అతని మేనత్త. ఆ కరువులో గత్తర తగిలి రేవు దగ్గర చనిపోతే, అన్న బాలన్న, అంటే కురుమూర్తి తండ్రే, ఇసుకలో పూడ్చిపెట్టి వచ్చాడని ఇంట్లో చెప్పుకునే పిల్ల. కురుమూర్తికి తెలిసినంత వరకు ఆమె ఒక పేరు మాత్రమే. ఏడాదికొకసారి, పెత్తరమాస నాడు, పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు వినిపించే పేరు.

ఆ పెత్తరమాస ఇక రేపే.

*

"ఒరే మూర్తీ! కాయితం, కలం తీస్కరా. పేర్లు రాసి పెడితె ఒక పని అయితది."

కాయలు పొయ్యి మీదికి పోయాయి. జంగమ్మ వసారాలో గోడకు చేరబడి కాళ్లు చాపుకుంది. మధ్యాహ్నపు ఎండ గడప దాకా వచ్చి ఆగింది.

బియ్యం తీసుకోవడానికి వచ్చే అనంతయ్యగారు నాలుగు ఊళ్లకు ఒక్కడే. ఎవరింట్లో ఎవరు పోయారో అన్నీ ఆయనకు గుర్తుండవు. అందుకని ఇంటివాళ్లే కాగితం మీద పేర్లు రాసి ఉంచుతారు. ఆయన ఒక్కొక్క పేరూ పైకి చదువుతాడు. చదివిన పేరుకు ఒక దోసెడు చొప్పున ఇంటి పెద్దావిడ బియ్యం పోస్తుంది. కురుమూర్తికి అక్షరాలు వచ్చిన ఏడేళ్ల వయసు నుంచి ఆ ఇంట్లో ఆ కాగితం రాసేది అతనే. మొదటి ఏడు అతను అక్షరాలు తలకిందులు చేసి రాస్తే, అనంతయ్యగారు నవ్వకుండా చదివాడని జంగమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

"ముందు మీ తాత. కురుమయ్య. ఆయనను కిందికి రాస్తె నా కలలకొచ్చి తిడ్తడు."

"రాసిన."

"మా అత్త రంగమ్మ. బతికినన్నొద్దులు నాకు కడుపు నిండ పెట్టలే. అయినా పొయ్యాలె గద."

లోపల పొయ్యి ముందున్న సుభద్రమ్మకు ఈ మాట వినిపించింది. ఇంకో రోజైతే ఆమె కూడా ఏదో ఒకటి అందించేది.

"మా మరిది మాసయ్య. తరువాత నా తొలిచూలు కొడుకు చిన్నయ్య. తరువాత సాయన్నను రాయి. మనింట్ల జీతం ఉన్నోడే అయినా వానికి ఎవరున్నరు, మనం తప్ప? రాసినవా?"

"రాసిన అవ్వా. ఐదు."

"ఇగ నా బిడ్డ. జములమ్మ."

కలం ఆగింది. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడిన సుభద్రమ్మ, కొడుకు కళ్లలోకి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"రాసినవారా?"

"రాయలే."

"సిరా అయిపోయిందా?"

"లేదు."

"మరేంది?"

కురుమూర్తి కాగితం మోకాలి మీద నుంచి తీసి పక్కన పెట్టాడు. "చెప్పనని అన్న గని, రాస్తనని నీకు మాటియ్యలే అమ్మా" అన్నాడు, తల్లి వైపు చూస్తూ. అతని గొంతు ఎప్పటికంటే చిన్నగా ఉంది. "నోరు మూసుకోని ఉండుడు వేరే. నా చేత్తోని ఇది రాసుడు వేరే. రాయలేను."

జంగమ్మ మనవడినీ కోడలినీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరు కలిసి ఏం దాస్తుండ్రు నాతోని?"

"అవ్వా, జములమ్మత్త సచ్చిపోలే."

జంగమ్మ ముందు కోప్పడింది. "పెద్ద సదువులు సదివి అవ్వతోని ఆటలాడుతవా? ఎవరి పేరు తీస్తున్నవో తెలుస్తుందా?" అంది. ఆ తర్వాత అతను రిజిస్టరు గురించి చెప్పాడు. ఆమె వినలేదు. ఎవరో పేరు కలిసిన పిల్ల అయి ఉంటుందంది. తండ్రి పేరు చెప్పాడు. ఘణపురం చుట్టుపక్కల కురుమయ్యలు తక్కువా అంది. ఎడమ మోచేతి కింద మచ్చ గురించి చెప్పాడు.

ఆమె చెయ్యి దానంతటదే పోయి తన ఎడమ మోచేతిని పట్టుకుంది.

"నెయ్యి కాగుతుండె" అంది. "గిన్నె అడుగు గోకుడు పెడ్త రమ్మని నేనే పిలిచిన. ఉరికొచ్చింది."

సుభద్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

*

బాలన్న పొలం నుంచి వచ్చి, ఎడ్లను కట్టేసి, కాళ్లు కడుక్కున్నాడు. నలభై ఏడేళ్ల మనిషి. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడుస్తాడు. ఎక్కువగా మాట్లాడడు. రుమాలుతో మొహం తుడుచుకుంటూ వసారాలోకి వచ్చేసరికి ముగ్గురూ అక్కడే ఉన్నారు.

"ఏందమ్మా, అందరు గిట్ల కూసున్నరు?"

జంగమ్మ తల ఎత్తలేదు. "బాలన్నా, నా బిడ్డను ఏడ పూడ్చినవు?"

అతను రుమాలు దులిపాడు. "ఇప్పుడెందుకా ముచ్చట?"

"ఏడ పూడ్చినవు?"

"రేవు కాడ. ఇసుకల. ఎన్నిసార్లు చెప్పలే?"

"ఎంత లోతు?"

అతను రుమాలు మళ్లీ దులిపాడు.

"పారతోని తీసినవా, చేతులతోనా? మన తాన పార ఎక్కడిది అప్పుడు? బండి కూడ ఊరి బయటనే ఇడిసిపెట్టినం గద. మీద రాయి పెట్టినవా? కుక్కలు తియ్యకుండ ఏం పెట్టినవు? ఇన్నేండ్లల్ల నేను ఇవన్ని అడగలే. తల్లిని గద, అడగడానికి నాకు ధైర్యం లేకుండె. ఇయ్యాల అడుగుతున్న. చెప్పు."

బాలన్న కళ్లు నేల మీది కాగితం మీద పడ్డాయి. అతనికి చదవడం రాదు. కానీ వరుసలు లెక్కపెట్టడం వచ్చు. ఐదున్నాయి. ఇరవై మూడు పెత్తరమాసలుగా ఆ ఇంట్లో ఆరు ఉంటూ వచ్చాయి.

అతను కొడుకు వైపు తిరిగాడు.

"ఇటిక్యాల దిక్కు పోయింది ఇందుకా నువ్వు? కోటలు చూస్త, రాళ్లు చూస్త అంటివి. తాసిల్దారువైతవని పంపితె, చచ్చినోళ్ల ముచ్చట్లు సదువుకుంట కూసున్నవు. సరే, సదువుకో అన్న. అవి ఇప్పుడు నా ఇంట్లకు తెచ్చినవు."

"చచ్చినోళ్ల ముచ్చట కాదు నాయినా. గదే గద పరేషాన్."

"నా ఇల్లు నీ పరీచ్ఛ కాయితమారా?"

నిరుడు కురుమూర్తి రాసిన పరీక్షలో కరువుల మీద ఒక ప్రశ్న వచ్చింది. వాన ఎన్ని అంగుళాలు కురిసింది, ధాన్యం ధర ఎంత పెరిగింది, సర్కారు ఎక్కడ గంజి పోయించింది, అన్నీ వరుసగా రాశాడు. చనిపోయినవారి సంఖ్య సరిగా తెలియదు అని ఆఖరున ఒక వాక్యం రాశాడు. తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు అతనికే వచ్చాయి. ఆ వాక్యం ఇప్పుడు గుర్తుకొచ్చింది. తండ్రి మాటలో తప్పు లేదు. వ్యాసం కోసమే కదా వెతకడం మొదలుపెట్టాడు? తనకొక రెండో సాక్ష్యం కావాలి. అది ఎవరి గుండెలో ఉందో అప్పుడు ఆలోచించలేదు.

"నేను నిన్ను నిలదియ్యడానికి చెప్పలే నాయినా. అవ్వ పేరు రాయమంటె చెయ్యి రాలే. గంతే." కొంచెం ఆగి అన్నాడు. "అత్త నిన్నొక మాట అడిగి రమ్మన్నది."

బాలన్న నిలబడే ఉన్నాడు.

"ఏం మాట?"

"చెప్పాల్నా, వద్దా అని మూడు దినాల సంది అనుకుంటున్న."

"చెప్పు."

కురుమూర్తి మేనత్త చెప్పింది చెప్పినట్టే చెప్పాడు. పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క మాటా కలపకుండా. "మీరెక్కిన పుట్టి ఒడ్డు ఇడిసినంక నేను మూడుసార్లు పిలిచిన, అన్నా అని. అది మా అన్నకు ఇనవడ్డదా, లేదా? గాలికి ఇనవడలేదంటె నాకు ఏ కోపం లేదు. గదొక్కటి తెలుసుకోవాలని ఉన్నది. అని అన్నది."

దొడ్లో ఎద్దు మెడ ఊపితే గంట మోగింది. బాలన్న గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. రుమాలు చేతిలోనే ఉంది. దాన్ని మడత పెట్టాడు. మళ్లీ విప్పాడు.

"ఇనవడ్డది" అన్నాడు.

రుమాలు అంచును బొటనవేలితో నొక్కాడు.

"మూడుసార్లు కాదురా. నాలుగుసార్లు పిలిచింది. ఆఖరు పిలుపు పుట్టి నది నడుమ ఉండంగ."

రెండో సాక్ష్యం దొరికింది. కురుమూర్తి తలవంచుకున్నాడు. అది దొరక్కుండా ఉంటే బాగుండుననిపించింది అతనికి.

*

ఆ తర్వాత బాలన్న మాట్లాడాడు. అతను అంత సేపు మాట్లాడటం సుభద్రమ్మ తన కాపురంలో చూడలేదు. ఎవరి వైపూ చూడకుండా, రుమాలు మడతలతోనే చెప్పుకుంటున్నట్టుగా చెప్పాడు.

"నాయిన తొవ్వలనే సచ్చిపోయిండు. అమ్మకు గత్తర తగిలి తెలివి లేదు. జములకు పొద్దున నుంచి వాంతులు. అమ్మను ఎత్తుకోని, జములను నడిపిచ్చుకుంట రేవుకొచ్చిన. నది అవతల నడిగడ్డల పెద్దమ్మ ఇల్లు చేరితె బతుకుతం అనుకున్న. పుట్టి నడిపెటోడు చూసి, గత్తరోళ్లను ఇద్దరిని ఎక్కియ్య, పుట్టిల మిగతావాళ్లు నన్ను నీళ్లల్లకు నూకుతరు అన్నడు. కాళ్లు మొక్కిన. ఒక్కరిని, ఒక్కరినే అన్నడు. ఎవరినో తేల్చుకో అన్నడు."

"జములను పాక కింద పండవెట్టి, ఇప్పుడే వస్త అని చెప్పిన. అమ్మను పెద్దమ్మ ఇంట్ల ఇడిసి మల్ల రేవుకు రావాలని. పెద్దమ్మ ఇల్లు చేరెసరికి నాకూ తగిలింది. ఎనిమిది దినాలు లేవలే."

"తొమ్మిదో దినం పోయినవా?" అంది జంగమ్మ.

"పోయిన. పాకల లేదు. మిషనోళ్లు నది దాటిచ్చి తీస్కపోయిండ్రు అని పుట్టోడే చెప్పిండు. అడుక్కుంట అడుక్కుంట ఆడికీ పోయిన."

సుభద్రమ్మ తల ఎత్తింది. ఇది కురుమూర్తి కూడా వినని సంగతి.

"చూసినవా దాన్ని?"

"దడి సందులకెళ్లి చూసిన అమ్మా. పిల్లలందరిని వరుసగ కూసోబెట్టిండ్రు. మన జముల ఆఖరున కూసున్నది. గళ్ల పావడ. నెత్తి గొరిగిచ్చిండ్రు. ముందల సిలవరి గిన్నెల తెల్ల బువ్వ. తిన్నది. మల్ల ఏసిండ్రు. మల్ల తిన్నది." బాలన్న రుమాలు మడత విప్పాడు. "మనింట్ల ఆ దినాలల్ల బలుసాకు సుత దొరకలే. పెద్దమ్మ ఇంట్ల మన ఇద్దరికి పెట్టెటందుకే వాళ్లు పస్తుంటుండ్రి. నేను పిలిస్తె లేసి ఉరికొస్తది. ఆ గిన్నె ఆడనే ఉంటది. పిలువలే."

"తిరిగొచ్చెసరికి నువ్వు లేసి కూసున్నవు. జముల ఏది అన్నవు. మిషన్ల బువ్వ తిన్నదని చెప్తె రేపు దాన్ని మనింట్ల ఎవరు రానిస్తరు, కులమోళ్లు ఏమంటరు అనుకున్న. సచ్చిందంటె నాలుగు దినాలు ఏడుస్తవు, ఊకుంటవు అనుకున్న. నువ్వు ఊకోలే. ఏడాదికొకసారి బియ్యం పోస్తనే ఉన్నవు. ఒక్కసారి అబద్ధమాడితె అయిపోతదనుకున్న గని, ఏటేటా ఆడవలసొస్తదని తెల్వకపాయె."

జంగమ్మ కొడుకును తిట్టలేదు. తిడితే బాగుండునని సుభద్రమ్మకు అనిపించింది. ఆమె ఏడవలేదు కూడా. ఏడుపంతా ఎప్పుడో, ఎవరి కోసమో కాదని తెలియకుండానే, ఏడ్చేసినట్టుంది. మనవడి వైపు జరిగి కూర్చుంది.

"పిల్లలెందరురా?"

"ముగ్గురు. పెద్దోని పేరు యోహాను. పన్నెండేండ్లోడు."

"కూలికి పోతదా?"

"పోతది. నేను పోయిన నాడు వేరుశనగ తీతకు పోయొచ్చింది."

"నీకేమన్న పెట్టిందా?"

కురుమూర్తి ఒక్క క్షణం తండ్రి వైపు చూశాడు. "పెట్టింది. జొన్నరొట్టె, పుంటికూర."

"తిన్నవా?"

"తిన్న."

బాలన్న కళ్లు మూసుకున్నాడు. జంగమ్మ మాత్రం ఇంకా ముందుకు వంగింది. "ఉప్పెట్లేసింది? చిన్నగున్నప్పుడు ఉప్పురాయి దొంగతనంగ చప్పరిస్తుండె."

"జర ఎక్కువనే ఉండె అవ్వా."

ఆ మాటకు జంగమ్మ మొహం ఒక్కసారిగా ముడతలు పడి, పెదవులు వణికాయి. ముసలామె ఏడుపు అప్పుడు వచ్చింది. శబ్దం లేకుండా, చాలాసేపు. సుభద్రమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. కృష్ణ ఒడ్డున పూడ్చారనుకున్న బిడ్డ కోసం ఏడ్చినప్పుడు ఆమెకు ఈ ఓదార్పు కూడా దొరికి ఉండదు. అప్పుడు ఈ కోడలు లేదు.

"నన్ను రమ్మన్నదా?" చివరికి అడిగింది.

"నువ్వున్నవని చెప్తె, నీళ్లు తెస్తనని లోపలికి పోయింది. మస్తు సేపు బయటికి రాలే. రమ్మనలే అవ్వా. రావద్దని కూడ అనలే."

*

దీపం పెట్టే వేళకు సుభద్రమ్మ మాడిన కూరను పక్కన పెట్టి, ఉన్న పప్పుతోనే వడ్డించింది. నలుగురూ కలిసి కూర్చున్నారు. ఆ ఇంట్లో ఆడవాళ్లు తర్వాత తింటారు. ఇవాళ జంగమ్మే కోడల్ని కూడా కూర్చోమంది.

ఎవరూ తినడం లేదు. బాలన్న ముద్ద కలిపి, కలిపి, అలాగే ఉంచాడు. అతను కొడుకుతో కాక పళ్లెంతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"పొద్దున అనంతయ్యగారు వస్తడు. ఐదు పేర్లుంటె, ఆరోది ఏది అని అడుగుతడు. ఆయన అడిగితె ఊరంత అడిగినట్టే. ఈ ఒక్క యేడు రాయి మూర్తీ. పైయేడు మెల్లగ ఏదన్న ఆలోచన చేద్దాం."

"పైయేడు మల్ల ఈ మాటే అంటవు నాయినా. నేను రాయ."

"నీ కాలేజి కాయితంల రాస్తవు గద మరి. ఈడ రాయనోడివి ఆడ ఎట్ల రాస్తవు?"

"ఆడ కూడ రాయ. అత్తను అడగకుండ, నిన్ను అడగకుండ రాయ. రాసింది చించేసిన. ఈ పొద్దే."

బాలన్న ఆ మాట వింటానని అనుకోలేదు. ఒక క్షణం మెత్తబడ్డట్టు కనిపించాడు. కానీ భయం అతన్ని వదల్లేదు. "చించితె సరిపోయె. ఇగ ఆ సదువు కూడ చాలు. సెలవులైనంక నువ్వు హైదరాబాదుకు పోవు. పొలం పని చూస్కో. తవ్వి తీసింది చాలు."

సుభద్రమ్మ చేతిలోని గరిటె పప్పుగిన్నెలో పడింది. పరీక్షలకు ఇంకా అయిదు నెలలే ఉన్నాయి. కొడుకు మొహం చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఆమె నోరు తెరవబోయింది.

"నువ్వాగు సుభద్రా" అంది జంగమ్మ.

ఆమె పళ్లెం ముందుకు జరిపి, చెయ్యి కడుక్కుంది. ఎంత నింపాదిగా కడుక్కుందంటే, ముగ్గురూ ఆమె వేళ్ల వైపే చూస్తుండిపోయారు. కొంగుతో తడి తుడుచుకుంది.

"రేపు బియ్యం సుభద్ర పోస్తది. ఐదు పేర్లకు. అనంతయ్య అడిగితె, మా అత్త తన బిడ్డ ఇంటికి పోయిందని చెప్పు. అంతకంటె ఒక్క మాట తక్కువ చెప్పొద్దు, ఎక్కువ చెప్పొద్దు."

"అమ్మా..." అన్నాడు బాలన్న.

"నేను ఇటిక్యాలకు పోత. జముల చేతి బువ్వ తింట. అది రానియ్యకపోతె గడప బయట కూసుంట. తిన్నంక నాకు ఈ ఇంట్ల తావుంటదో, ఉండదో మీ కులమోళ్లు, మీరు మాట్లాడుకోండ్రి. నేను అడ్డం రాను. మూర్తి సదువు గురించి ఇంకొక్క మాట మాట్లాడినవంటె, ఆ మాట కూడ నేను తిరిగొచ్చినంకనే మాట్లాడు. వస్తె."

"పొలం పని ఉన్నది, బండి ఎవరు తోల్తరు? మూర్తికి ఎడ్లు కొత్త" అన్నాడు బాలన్న. అది కాదనడానికి అతనికి మిగిలిన ఒకే ఒక్క మాట.

"మూర్తి రాడు" అంది జంగమ్మ. కొడుకు కళ్లలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేకపోవడమే సుభద్రమ్మను భయపెట్టింది.

"నన్ను ఎత్తుకోని నది దాటింది నువ్వు. మల్ల నువ్వే దాటిస్తవు. పొద్దుగాల కోడి కూసెసరికి బండి కట్టు బాలన్నా. అది అడిగిన మాటకు జవాబు మూర్తితోని పంపిచ్చేది కాదు."